సైడు తిరిగే లోపు

ఆగస్టు. మనామా. అద్లియాలో ఓ సందు.
ఏసీ ఆగిపోయిందని ఫోను, అర్జంటట.
మా క్యాంపులో ఆగితే మూడో రోజుకి వచ్చే మనిషిని నేనే.
ఇక్కడికి ఇరవై నిమిషాల్లో వచ్చాను.

"మనుషులకి పరవాలేదు భాయ్, ఇవి వంగిపోతాయి"
అన్నాడు కొట్టు కుర్రాడు యాకూబ్,
గోడ పొడుగునా నిలబెట్టిన రికార్డులు చూపించి.
అప్పడాల్లాగన్నమాట. వేడికి అంచులు లేస్తాయి.

నిచ్చెనెక్కి మూత విప్పుతుంటే
కింద బల్ల మీద కనబడింది ఆ అట్ట.
పొగలో గిటారు ఎత్తిపట్టిన చెయ్యి. మొహం లేదు.
మా గదిలో అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది,
జిరాక్సుకి జిరాక్సు, చెయ్యి కూడా సగమే.
ఇక్కడ కంచమంత ఉంది. వేలికి ఉంగరం ఉంది.
ముప్పై ఏళ్ళు తెలియలేదు నాకు,
ఆ వేలికి ఉంగరం ఉందని.

"పాత కచేరీ. కొత్తగా వేశారు, రెండు ప్లేట్లు.
అప్పట్లో కోసేసినవి కూడా కలిపారు."
పద్దెనిమిది దినార్లు.

ఆ క్యాసెట్టు తెచ్చింది అగ్నేలో, గోవా వాడు.
గుదైబియాలో ఒక గది, ఎనిమిది మందిమి.
పాడేవాడు అరిచేది తిట్టో మొక్కో నాకు తెలియదు.
డ్రమ్ములు తెలుసు.
మా ముమ్మిడివరం వైపు జాతరలో
వీరణం మోగితే పొట్టలో ఒక పేగు కదులుతుంది చూడండి,
ఆ పేగే కదిలింది.

మిగతావాళ్ళంతా ఆగిపోయేవాళ్ళు, డ్రమ్ములవాడు ఒక్కడే.
వాయించి, వాయించి,
ఇంక ఇప్పుడేదో జరిగిపోతుందనగా
టక్.
సైడు అయిపోయింది. టేపు అంతే ఉంది.

తిప్పేది నేను. తిప్పే లోపు
అగ్నేలో బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని
మిగతాది తనే వాయించేవాడు,
గరిటెతో, మునివేళ్ళతో,
చివర్న పప్పుగిన్నె మూత మీద ఒకే ఒక్క దెబ్బ.
రాత్రి డ్యూటీ చేసొచ్చిన పఠాన్ పై మంచం మీంచి చెప్పు విసిరేవాడు.
అది కూడా తాళంలోనే పడేది, ఒట్టు.
అప్పుడు రెండో వైపు. చప్పట్లు.
ఏ ఊళ్ళోనో ఏనాడో అన్ని వేలమంది
మా అగ్నేలోకే కొట్టారనుకునేవాణ్ణి.

కంప్రెసర్ బాగానే ఉంది. కెపాసిటర్ పోయింది, మార్చాను.
స్విచ్చి వెయ్యలేదు.
"ఇది మోత చేస్తుంది. ముందు అదొకసారి పెట్టు" అన్నాను.
యాకూబ్ నన్ను చూశాడు, చొక్కా మీద కంపెనీ పేరు చూశాడు.
ప్లేటు తీశాడు, అంచులే పట్టుకుని,
పెనం మీంచి బొబ్బట్టు తీసినట్టు.

టక్ రావలసిన చోట టక్ రాలేదు.
నా చెయ్యి లేచింది తిప్పడానికి,
నిచ్చెన మీద, ఉత్త గాల్లో.
వాడు వాయిస్తూనే ఉన్నాడు.
బాగా వాయించాడు, కాదనను.
ఒకచోట దెబ్బ జారింది, జనంలో ఎవరో దగ్గారు,
మళ్ళీ అందుకున్నాడు.
అది నేనెప్పుడూ వినని మనిషి.
గరిటె లేదు.
చెప్పు పడలేదు.

తొంభై ఆరులో అగ్నేలో వంతెన దాటి ఖోబర్ వెళ్ళిపోయాడు.
అడ్రసు ఉత్తరంలో రాస్తానన్నాడు.
డబ్బా మాకే వదిలేశాడు. ఒక పక్కంతా సొట్టలు.
చాలా కాలం అందులోనే బియ్యం పోసుకున్నాం,
కొలత ఎప్పుడూ తక్కువొచ్చేది.

"కొంటావా?" అన్నాడు యాకూబ్.
"నా దగ్గర తిప్పేది లేదు" అన్నాను.
మూత పెట్టి మూడు స్క్రూలు బిగించాను. నాలుగోది ఎటో దొర్లిపోయింది.
కింద డ్రమ్ములు ఆగాయి,
చప్పట్లు ఇంకా రాలేదు.
అరచేత్తో మూత మీద ఒక్కటి చరిచాను.

యాకూబ్ ఉలిక్కిపడి తలెత్తాడు.

"పట్టలేదు, అందుకని" అన్నాను.